పిట్ట వాటా

"తప్పు నాదే," అన్నాడు అమిస్సె మూడోసారి.

ఇన్‌స్పెక్టర్ బెర్నార్దినో ఆ మాటను మూడోసారి కూడా కాగితం మీద పెట్టాడు. కలం మూత బిగించి అంచా వంక చూశాడు. ఆ చూపులో గెలుపు కంటే తొందర ఎక్కువగా ఉంది. లిషింగా పట్నం నుంచి అతణ్ణి తెచ్చిన చిన్న విమానం మధ్యాహ్నం మూడింటికి తిరిగి లేస్తుంది. ఇప్పుడు పదీ ఐదు. బేడీలతో ఆ విమానం ఎక్కిన ముసలివాడు మళ్ళీ ఈ అడవి మొహం చూడడని గదిలో ముగ్గురికీ తెలుసు.

"ఇంకేం కావాలి మేడమ్ మీకు? పాట కట్టి పాడించమంటారా?"

అంచా చూపు ముసలాయన చేతుల మీద ఉంది. నకాంబె అభయారణ్యం శిబిరంలో దొంగవేటల మీద దర్యాప్తు చేసే ఉద్యోగం ఆమెది. పదకొండేళ్ళుగా ఆమె మనుషుల మాటల కంటే చేతులను ఎక్కువ నమ్ముతూ వచ్చింది. నోరు ఎదుటివాడి కోసం పనిచేస్తుంది. చెయ్యి ఎవరూ చూడనప్పుడు కూడా తన పని తాను చేసుకుపోతుంది. అమిస్సె కుడిచెయ్యి గొలుసు కింద ఒళ్ళో పడి ఉంది. వేళ్ళు కొద్దిగా ముడుచుకుని, ఏదో కర్ర చుట్టూ వంగినట్టున్నాయి. లేని పిడిని పట్టుకుని కూర్చుంది ఆ చెయ్యి.

"మామా," అంది ఆమె. అమిస్సె ఆమె తల్లి వంశం మనిషి, ఆమె తండ్రితో కలిసి ముప్ఫై ఏళ్ళు తేనెకు తిరిగినవాడు. "నిన్నటి సంగతి మళ్ళీ చెప్పు. తప్పుల మాట పక్కన పెట్టు. ఏ వేళకి ఎక్కడున్నావో చెప్పు."

"నా దగ్గర గడియారమెక్కడిది బిడ్డా?"

"ఎండ ఉందిగా."

ముసలాయన కళ్ళు మూసుకున్నాడు. "ఎండ ఇంకా చెట్ల తలల మీదే ఉంది. నేనూ ఆ తెల్లమ్మా బయల్దేరాం. తేనె చూపే సేగో పిట్టని పిలిచాను, వచ్చింది. వాగుకి పడమటి పక్కన చెట్టు చూపించింది. పొగ పెట్టి, కొట్టి, తేనె తీశాను. ఆవిడ మైనంతో సహా నమిలి మింగేసింది. పిట్ట నోటి కూడు లాక్కుంటావా తల్లీ అని నవ్వాను. పిలుపు నేర్పమంది, నేర్పాను. వచ్చేదారంతా పిలుస్తూనే ఉంది. ముసలి మేక తుమ్మినట్టు." ఆ మాట దగ్గర అతని పెదవి ఒక్కసారి కదిలి మళ్ళీ బిగుసుకుంది. "కారుదారి మలుపులో కెల్విన్ ఉన్నాడు. ఆవిణ్ణి అప్పగించి ఇంటికొచ్చి పడుకున్నాను. తర్వాత మసీదుకెళ్ళాను."

ఆ తెల్లమ్మ పేరు ఇంగ్రిద్. అరవై రెండేళ్ళ మనిషి. మంచు దేశం నుంచి ఒంటరిగా వచ్చింది. సింహాన్ని చూడటానికి కాదు, మనిషి పిలిస్తే వచ్చి తేనె దారి చూపించే ఒక బూడిదరంగు పిట్టను చూడటానికి. నిన్న శుక్రవారం పొద్దున తొమ్మిది నుంచి ఆమె జాడ లేదు. ఇక్కడి అక్టోబరు మండుటెండలో నీళ్ళు లేకుండా ఒక పగలూ ఒక రాత్రీ గడిచిపోయాయి.

బెర్నార్దినో వేళ్ళు మడిచాడు. "శిబిరం గైడు కెల్విన్ తొమ్మిదింటికి మలుపు దగ్గరికి వెళ్ళాడు. అక్కడ ఎవరూ లేరు. తొమ్మిదీ నలభైకి రేడియోలో చెప్పాడు, పుస్తకంలో రాసి ఉంది. ఈ పొద్దున వాగుకి తూర్పున కొత్తగా నరికిన తేనెచెట్టు దొరికింది. దాని పక్కన ఆవిడ టోపీ, టోపీ మీద రక్తం, టోపీ పక్కన ఈయన గొడ్డలి. ఆ గొడ్డలి అక్కడికెలా వెళ్ళింది తాతా?"

ముడుచుకున్న వేళ్ళు ఇంకొంచెం ముడుచుకున్నాయి.

"తప్పు నాదే."

అప్పుడు అంచాకు ఒక పాత పొద్దు గుర్తొచ్చింది. ఆమెకు ఏడేళ్ళు. తండ్రి తేనెకు బయల్దేరుతుంటే గుమ్మం దగ్గరున్న గొడ్డలిని అందివ్వబోయింది. తండ్రి ఎప్పుడూ చెయ్యెత్తని మనిషి. ఆ రోజు ఆమె వేళ్ళ మీద ఒక్కటిచ్చాడు. ఇచ్చి, ఆ రోజంతా అడవికి వెళ్ళకుండా ఇంట్లోనే కూర్చున్నాడు.

ఆమె గొంతు తగ్గించింది. "మామా. తేనె రోజున గొడ్డలి చెయ్యి మారిందా?"

ముసలాయన తల వంగింది.

"దారికి కొమ్మ అడ్డం పడింది, కారు కదలదు, ఒకసారి ఇయ్యి మామా అన్నాడు కెల్విన్. ఆ తెల్లమ్మ పక్కనే నిలబడి నవ్వుతోంది. ఆవిడ ముందు 'మా ఆచారం ఒప్పదు' అనడానికి సిగ్గేసింది. నలభై ఏళ్ళలో ఒక్కనాడు ఇవ్వలేదు. నిన్న ఇచ్చాను, సాయంత్రం తెచ్చిస్తానంటే వదిలి వచ్చేశాను. గొడ్డలి చెయ్యి మారిన రోజు ఆ తేనె తిన్నవాళ్ళకి కీడు తప్పదు బిడ్డా. ఆవిడ తిన్నది. ఆవిడకేదో అయింది. మరి తప్పు ఎవరిది?"

బెర్నార్దినో కలం మూత తీశాడు, మళ్ళీ పెట్టేశాడు. "మూడుసార్లు నేరం ఒప్పుకున్నాడని రాశాను నేను."

"మీరు అడిగింది నేరం. ఆయన చెప్పింది పాపం," అంది అంచా. "మీరు రాసింది ఆ రెండూ కాదు."

"కథ బాగుంది. జడ్జి గారు కళ్ళు తుడుచుకుంటారు. గొడ్డలి మాత్రం అక్కడే ఉంటుంది."

తలుపు తోసుకుని శిబిరం పెద్ద అదెలినో వచ్చాడు. నెరిసిన గడ్డం, ఎప్పుడూ ఇస్త్రీ చెదరని చొక్కా. ఎడమచేత్తో టీ కప్పు తెచ్చి అంచా ముందు పెట్టాడు. కుడిచేతికి మణికట్టు దాకా గుడ్డ చుట్టి ఉంది.

"రేడియేటర్ మూత తీయబోతే ఆవిరి కొట్టింది," అన్నాడు, ఎవరూ అడగకుండానే. "నలభై మందిని తూర్పుకి పంపాను తల్లీ. కెల్విన్ నిద్ర మానుకుని వెతుకుతున్నాడు పాపం. నువ్వు దీన్ని మరీ మనసుకి పట్టించుకోకు. మన ముసలాళ్ళు మనకి దేవుళ్ళే. అయినా..."

మిగతాది చెప్పకుండా ఆమె భుజం తట్టి వెళ్ళిపోయాడు. ఆయన 'తల్లీ' అన్నప్పుడల్లా అంచా లోపల ఏదో ముడి సడలుతుంది. పదహారేళ్ళకు తండ్రి పోయిన పిల్ల ఎక్కడో ఇంకా ఆ మాట కోసం చెవి ఒగ్గి కూర్చుని ఉంది. ఆ సంగతి ఆమెకు తెలుసు. తెలిసినంత మాత్రాన ఆ పిల్ల లేచిపోదు.

టీ తాగకుండానే లేచింది. "పదండి ఇన్‌స్పెక్టర్ గారూ. మామనీ, గొడ్డలినీ కూడా తీసుకురండి."

* * *

పదకొండుకు ఐదు నిమిషాలు తక్కువ. తూర్పు ఒడ్డున నరికిన చెట్టు దారి పక్కనే అడ్డంగా పడి ఉంది. అందులో తేనెపట్టు ఉందని ఊళ్ళో మేకలకు కూడా తెలుసు. గూడు పగిలిన తేనెటీగలు మొద్దు మీద నల్లటి ముద్దగా వేలాడుతూ, ఇల్లు పోయినవాళ్ళలా సన్నగా రొద చేస్తున్నాయి.

అంచా ముందు నరుకు చూసింది. ఒక్క దెబ్బ పడాల్సిన చోట పన్నెండు దెబ్బలు. గొడ్డలి అదే, నరికిన చెయ్యి వేరు. కాని ఈ మాట మీద కోర్టులో ఈగ కూడా వాలదు. ఆమె దుంగ వెంట నడిచి, సగం దూరంలో ఆగి, నేల మీద బోర్లా పడుకుంది.

"ప్రార్థనా?" అన్నాడు బెర్నార్దినో.

"రండి, మీరూ పడుకోండి. చొక్కాకి మట్టంటినా పర్వాలేదనుకుంటే."

అతను ఒక్క క్షణం తటపటాయించి పడుకున్నాడు. దుంగ కింద ఏనుగు పెండ నలిగి చదునై ఉంది. పైన ఎండి, లోపల ఇంకా తడి. దానికి ఇటు పక్క, మెత్తటి ఇసుకలో, పళ్ళెమంత పాదముద్ర. దానికి ముందు ఇంకోటి, ఇంకోటి. వరస నేరుగా దుంగ కిందికి వెళ్ళి, అటు పక్క బయటికి వచ్చి, అడుగు ఎడం మారకుండా వాగులోకి దిగిపోయింది. ఒకటి కాదు, పద్నాలుగు ఏనుగులు. తల్లుల పాదముద్రల మధ్య గున్నలవి, పూరీలంత. గాలికి ఇంకా అంచులు రాలని ముద్రలు. అంచా పుట్టిందీ పెరిగిందీ ఇక్కడే. అయినా ఇంత బరువు ఇంత నిశ్శబ్దంగా ఒక చోటి నుంచి దాటిపోయిందనే ఊహకు ఆమె గుండె ప్రతిసారీ ఒక దెబ్బ తప్పుతుంది.

"ఏనుగులు. అయితే?"

"ఏనుగు దుంగలోంచి నడిచిపోదు కదా సార్. చెట్టు ముందే పడి ఉంటే చుట్టూ తిరిగేది, లేదా తొండంతో పక్కకి లాగేది. అవి దాటిపోయాకే చెట్టు పడింది."

"ఎప్పుడు దాటాయో మీకు ఏనుగొచ్చి చెప్పిందా?"

"చెప్పింది." అంచా జేబులోంచి మడత కాగితం తీసింది. "ఈ మంద పెద్దావిడ మెడలో రేడియో పట్టీ ఉంది. పది నిమిషాలకోసారి ఎక్కడుందో చెబుతుంది. నెల రోజులుగా ఈ ఒడ్డుకి రాలేదు. నిన్న పదకొండూ ఇరవైకి సరిగ్గా ఇక్కడ వాగు దాటింది. అంటే చెట్టు కొట్టింది పదకొండూ ఇరవై తర్వాత. మసీదు ఇక్కణ్ణుంచి గంటన్నర నడక. పదకొండున్నరకి మామ అక్కడ కాళ్ళు కడుక్కుంటుంటే, ఊరంతా వరసలో నిలబడి చూసింది. నీళ్ళు ఎక్కువ పారబోస్తున్నాడని ఇమాం తిట్టాడట కూడా."

బెర్నార్దినో పడుకునే ఉండి ఆ కాగితాన్ని రెండుసార్లు చదివాడు. "ప్రార్థన అయ్యాక వచ్చి కొట్టి ఉండొచ్చు."

"మధ్యాహ్నం ఊరంతా ఆవిడ కోసం అడవి గాలిస్తుంటే, గాలించేవాళ్ళలో మొదటివాడుగా ఉండి, వచ్చి పొగ పెట్టి చెట్టు కొట్టాడా? మీ సముద్రతీరం వాళ్ళకి చేప ఏ నీళ్ళల్లో ఈదిందో తెలుస్తుందేమో. మాకు..."

ఆమె మాట పూర్తి కాలేదు. వెనకనుంచి ఒక మూలుగు వినిపించింది. అమిస్సె చల్లారిన పొయ్యి ముందు గొంతుక్కూర్చుని, బేడీల చేతులతోనే బూడిద తవ్వుతున్నాడు. బూడిద కింద మట్టి. మట్టి కింద జానెడు లోతులో, సగం కాలి నల్లబడ్డ మైనపు ముద్ద.

"ఎవడు చేశాడిది?" ముసలాయన ముద్దను పైకెత్తాడు. "పాతిపెట్టాడు! పిట్ట వాటా పాతిపెట్టాడు! పచ్చాకులు కోసి, పరిచి, మీద మైనం పెట్టి, తిను తల్లీ అని చెప్పి వెళ్ళాలి. దొంగ తేనె తీసినవాడైనా అది పెట్టకుండా పోడు. ఎవడి కడుపున పుట్టాడు వీడు?"

బెర్నార్దినో లేచి మోకాళ్ళ మట్టి దులుపుకున్నాడు. ముసలాయన కన్నీళ్ళ వంక చాలాసేపు చూశాడు. హత్యానేరం మోపినప్పుడు తడవని కళ్ళు.

"కంగారులో దాచి ఉంటాడు, ఎవరో," అన్నాడు. ఆ 'ఎవరో' మొదటిసారి అతని నోట వచ్చింది.

"కంగారులో ఉన్నవాడు పారిపోతాడు. గుంట తవ్వడు. ఇది అలవాటు." అంచా ఆ ముద్దను అరచేతిలో తిప్పింది. "ఉత్తరాన ఉప్పు సరస్సు దగ్గర వేటగాళ్ళున్నారు. వాళ్ళు మనలా గొంతుతో పిలవరు, ఈల వేస్తారు. తేనె తీశాక మైనం కాల్చి పాతేస్తారు. పిట్ట కడుపు నిండితే ఇంకో గూడు చూపించదని, ఆకలితో ఉంచుతారు. అక్కడ పని నేర్చుకున్న చెయ్యి ఇది. ఆలోచించి చేయలేదు, చెయ్యి చేసేసింది."

"మీకెవరు చెప్పారు ఇదంతా?"

ఆమె నోరు తెరిచింది. జవాబు నాలుక చివరిదాకా వచ్చి ఆగింది. రేకు కప్పు మీద వాన చప్పుడు, టీ వాసన, ఎవరిదో నవ్వు. మొహం మాత్రం రాలేదు.

"ఎక్కడో విన్నాను. కెల్విన్ కూడా ఉత్తరాన రెండేళ్ళు పనిచేశాడని కాగితాల్లో ఉంది."

అలా అంటున్నప్పుడే లోపల ఏదో కాదంది. కెల్విన్‌తో ఆమె ఎన్నడూ టీ తాగలేదు. కాని ఎండ నడినెత్తికి వస్తోంది. ఆ లోపలి గొంతుకు చెవి ఒగ్గే తీరిక లేదు.

"చూడండి సార్. ఈ చెట్టు, టోపీ, రక్తం, అన్నీ నాటకం. నాటకం తూర్పున ఆడారంటే జనం చూపు తూర్పున ఉండాలనే కదా? ఆవిడ పడమటన ఉంది. ప్రాణంతోనో, లేకుండానో."

"మూడింటికి విమానం."

"ఇంకా నాలుగు గంటలుంది. మీ ఖైదీని మీరు పోగొట్టుకోకండి, మా మనిషిని నేను పోగొట్టుకోను. మొదటి చెట్టు దాకా రండి."

* * *

మొదటి చెట్టు దగ్గరికి చేరేసరికి పన్నెండున్నర. ఇక్కడ నరుకు శుభ్రంగా ఉంది. పొయ్యి ఆర్పి నీళ్ళు చల్లి ఉంది. పక్కన పచ్చాకుల పరుపు ఒకటి వాడిపోతోంది. మీద మైనం లేదు, ముక్కుతో పొడిచిన గాట్లు మాత్రం ఉన్నాయి. ముసలాయన దాన్ని చూసి తేలికగా ఊపిరి వదిలాడు.

అప్పుడే తల మీద ఎవరో అగ్గిపెట్టె ఆడించినట్టు గలగల వినిపించింది.

కొమ్మ చివర పిచ్చుకకు అన్నలాంటి పిట్ట. బూడిద వీపు, తోక పక్కన తెల్లటి ఈకలు. చూపు ముగ్గురి మీదే. ఎగిరి పడమటి చెట్టు మీద వాలి వెనక్కి తిరిగి అరిచింది. వీళ్ళు కదలకపోయేసరికి మళ్ళీ వచ్చి అరిచింది.

"చెవిలో జోరీగలా ఏంటిది?" అన్నాడు బెర్నార్దినో. "ఎవరూ పిలవలేదే?"

అమిస్సె మొహం మారిపోయింది. "మనం పిలవలేదు. ఎవరో పిలిచారు." మాట మెల్లగా, ఒక్కొక్క అడుగు నేలను తాకి చూసుకుంటున్నట్టు వచ్చింది. "ఇది కొత్త గూడు కనిపెట్టిన అరుపు కాదు. ఇప్పటికే ఎవరినో గూటి దాకా తీసుకెళ్ళింది. వాళ్ళ దగ్గర నిప్పు లేదు, గొడ్డలి లేదు. పట్టు విప్పలేకపోయారు. దీనికి వాటా రాలేదు. అందుకే చేతనైన మనిషి కోసం వెతుకుతూ వచ్చింది."

అంచా పిట్ట వాలిన కొమ్మ వైపు తిరిగింది. "పిలవడం తెలిసి, గొడ్డలి లేని మనిషి..."

"ముసలి మేక తుమ్మినట్టు పిలుస్తుందని చెప్పాగా," అన్నాడు ముసలాయన. ఈసారి నవ్వలేదు.

అతను తలెత్తి, గొంతు లోపలినుంచి ఒక మోత లాగాడు. నాలుక మీద ఉరుము దొర్లినట్టు, చివర చిన్న గుటక. బ్ర్ర్ర్ర్... హ్మ్. పిట్ట ఠక్కున జవాబిచ్చింది. అంచా ఈ పిలుపు వింటూ పెరిగింది. ఆడవాళ్ళు పిలవరు కనుక ఒక్కసారీ పిలిచి చూడలేదు. ఇన్నేళ్ళూ దాన్ని మగవాళ్ళ పనిముట్టు అనుకుంది. ఇప్పుడు అడవి మధ్య, బేడీలు వేసుకున్న ఒక ముసలివాడూ గుప్పెడు ఈకలూ ఒకరి మాట ఒకరు పుచ్చుకుంటుంటే, ఆమెకు తన చుట్టూ ఉన్న చెట్లు, ఎండ, ఏనుగుల దారులు అన్నీ ఆగి వింటున్నట్టనిపించింది. దాన్ని ఎవరూ పంజరంలో పెట్టలేదు, ఎవరూ పెంచలేదు. తాతల తాతల నాడు ఎవరో ఒక మాట ఇచ్చారు, ఎవరో పుచ్చుకున్నారు. ఆ మాట ఇంకా చెల్లుతోంది.

నడిచారు. పిట్ట ముందు, ముసలాయన వెనక. ఇంకో వాగు, నీళ్ళింకిన ఇసుక వాగు దాటారు. ముళ్ళపొదలు బెర్నార్దినో చొక్కాను రెండు చోట్ల చింపాయి, అతను తిట్టుకోలేదు. ఒకచోట ఆగి, అడక్కుండానే, తన నీళ్ళ సీసా తీసి అమిస్సె నోటికి అందించాడు.

"ఇది మమ్మల్ని సింహం నోట్లోకి తీసుకెళ్ళదు కదా తాతా?"

"వాటా ఎగ్గొట్టినవాణ్ణి తీసుకెళ్తుందంటారు. నువ్వేమన్నా ఎగ్గొట్టావా బాబూ?"

ఒంటిగంటా ఇరవై. పిట్ట అరుపు మానేసింది. ఎదురుగా బావొబాబ్ చెట్టు, పదిమంది చేతులు కలిపినా చుట్టు అందని మాను. పై తొర్రలోంచి తేనెటీగలు పొగలా లేస్తున్నాయి. కింద, మాను మొదట్లో మనిషి దూరేంత చీలిక. ఆ చీలిక లోంచి, ఎండిన బొరుగులు నమిలినట్టు, ఒక చప్పుడు వచ్చింది.

బ్ర్ర్... హ్మ్.

ముసలి మేక తుమ్మినట్టే ఉంది.

అమిస్సె చీలిక దగ్గరికి పరుగెత్తి భోరుమన్నాడు.

* * *

ఇంగ్రిద్ చీలమండ విరిగి గుమ్మడికాయలా వాచింది. పెదవులు పగిలి రక్తం కట్టాయి. అంచా గుడ్డ తడిపి చుక్కచుక్కగా పిండుతుంటే కళ్ళు తెరిచింది, మూసింది, మళ్ళీ తెరిచింది. బతుకుతుంది. బెర్నార్దినో తాళంచెవి తీసి అమిస్సె బేడీలు విప్పాడు. గొడ్డలి కూడా అతని ముందు పెట్టాడు.

"మూడుసార్లు రాసింది ఒక్కసారి కొట్టెయ్యాలి," అన్నాడు, తనలో తాను.

అంచా రేడియో నొక్కింది. గొంతులో ఆనందం ఆగలేదు. "పెద్దాయనా, దొరికింది! ప్రాణంతో ఉంది. ఇసుక వాగుకి పడమట, బావొబాబ్ తొర్రలో."

ఒక్క క్షణం బరబర. తర్వాత అదెలినో గొంతు, ఎప్పటిలా మెత్తగా. "దేవుడు గొప్పవాడు తల్లీ. అక్కడే ఉండు, నేనే వస్తున్నా. ఇంకెవరికీ చెప్పకు, జనం మీద పడితే ఆవిడ తట్టుకోలేదు. అక్కడ బావొబాబ్‌లు వందున్నాయి, ఏది తల్లీ?"

జవాబు చెప్పబోతున్న ఆమె మణికట్టును ఒక ఎండు చెయ్యి పట్టుకుంది. పట్టు చావు పట్టులా ఉంది. ఇంగ్రిద్ రేడియో వంక చూస్తోంది, తనను కరిచిన కుక్కను చూసినట్టు.

"ఆ గొంతు," అంది వచ్చీరాని పోర్చుగీసులో. "ఏనుగు దంతాలు... సంచుల్లో. కెల్విన్, ఆ మనిషి. నేను చూశాను. పరిగెత్తాను. వాళ్ళు వెనక... 'భయపడకు తల్లీ, భయపడకు తల్లీ' అంటూ పిలిచాడు. రెండు గంటలు. మెత్తగా."

రేడియోలో మళ్ళీ, "తల్లీ? ఏ చెట్టు?"

అంచా మీట తిప్పి ఆపేసింది. ఆ నిశ్శబ్దంలో, ఇంతసేపూ దాక్కున్న మొహం దానంతటదే వచ్చి నిలబడింది. ఉద్యోగంలో చేరిన మొదటి వానాకాలం. రేకు కప్పు మీద వాన. ఎదురుగా టీ కప్పుతో అదెలినో, ఉప్పు సరస్సు దగ్గర గడిపిన తన కుర్రతనం గురించి చెబుతూ, 'పిట్టని ఆకలితో ఉంచాలి తల్లీ, అదే రహస్యం' అని నవ్వుతూ. పొద్దున ఎడమచేత్తో పెట్టిన టీ. మణికట్టు దాకా చుట్టిన గుడ్డ. ఆవిరి చెయ్యి ఒక్కటే కాలుస్తుందా? పొగ సరిగ్గా పెట్టడం మరిచిపోయిన చేతిని తేనెటీగలు మాత్రం వదలవు. జనాన్ని తూర్పుకి పంపింది కూడా ఆయనే. అన్నీ ఆమె కళ్ళ ముందే ఉన్నాయి. చూడలేదు. చూడకుండా ఆమె కళ్ళు మూసింది ఎవరో కాదు, ఆ మాట కోసం ఇంకా కూర్చుని ఉన్న పదహారేళ్ళ పిల్ల.

"మీ దగ్గర ఎన్ని తూటాలున్నాయి?" అంది బెర్నార్దినోతో.

"ఆరు." అతను సంగతంతా ఆమె మొహంలో చదువుకున్నాడు. "వంద చెట్లున్నాయి కదా. ఏ చెట్టో మీరు చెప్పలేదు. వెతుక్కుంటూ పొద్దు పోతుంది వాళ్ళకి."

అప్పుడు దూరంగా, ఇసుక వాగు వైపునుంచి, ఇంజను చప్పుడు వినిపించింది. ఆయన తూర్పున లేడు. ఎప్పుడూ లేడు.

పై కొమ్మ మీద పిట్ట తల పక్కకి వంచింది. ఇంతసేపు వీళ్ళనే చూస్తూ కూర్చున్న పిట్ట. తీసుకొచ్చింది, చూపించింది. వీళ్ళు పొగ పెట్టలేదు, పట్టు విప్పలేదు.

అమిస్సె గొడ్డలి అందుకుని లేచాడు. రంగు పోయిన మొహం. "బిడ్డా, దీనికి వాటా పెట్టాలి. ఇప్పుడే. కడుపు నిండితే కదలదు."

"నిప్పు పెడితే పొగ లేస్తుంది మామా. పొగ చూసి వస్తారు."

"పెట్టకపోతే..."

పిట్ట ఎగిరింది. తోకలో తెల్లటి ఈకలు ఎండలో ఒక్కసారి మెరిశాయి. అగ్గిపెట్టె ఆడించినట్టు గలగలలాడుతూ, చేతనైన మనుషుల కోసం వెతుక్కుంటూ, నేరుగా ఆ ఇంజను చప్పుడు వైపు సాగిపోయింది.

ఇంజను ఆగింది.

చాలాసేపు ఏమీ లేదు. ఆ తర్వాత ఎండలోంచి ఒక ఈల వచ్చింది. సన్నగా, పొడుగ్గా, మెత్తగా, ఈ అడవిలో ఎవరూ ఎప్పుడూ పిలవని పిలుపు.

పిట్ట దానికి జవాబిచ్చింది.